షెడ్డులో మందుబిళ్ళల డబ్బా

9 ఆగస్టు 2024, శుక్రవారం, ఉదయం

బుల్లీ,

వినీల నిన్న ఇంటికొచ్చేసింది. ఆటో వాళ్ళ సందులోకి తిరగదు కదా, మన గుమ్మం ముందే ఆగింది. రూబీ ముందు దిగి, కూతురి చెయ్యి పట్టుకుని దించింది. పిల్ల సగమైపోయింది. మెడ దగ్గర ఎముకలు తేలాయి. అయినా నడిచింది. తన కాళ్ళ మీద తను నడుచుకుంటూ ఇంటికి పోయింది. నేను తలుపు వారగా నిలబడి చూశాను. బాగున్నావా అమ్మా అని ఒక్క మాట అనాలి. లోపలికొచ్చి తలుపేసుకున్నాను.

నాకు కుళ్ళు బుల్లీ. దీనికి ఇంకో పేరు లేదు.

నువ్వు పోయి ఇవాళ్టికి నాలుగు వారాలు.

ఐదో తరగతి చదివినదాన్ని, నా రాత వంకర. కానీ ఎవరితో చెప్పుకున్నా తప్పు సూరమ్మా, అలా అనుకోకూడదు అంటారు. పుస్తకం అనదు. నీ పేరు పెట్టి మొదలుపెట్టాను గానీ ఎవరికి రాస్తున్నానో నాకే తెలీదు. మీ నాన్న చెరువు కాపలాకి పోయాక రాసుకుంటాను.

10 ఆగస్టు, శనివారం

ఒకే షెడ్డు, ఒకే బల్ల, ఒకే రోగం. నువ్వూ వినీలా పక్కపక్కన నిలబడి రొయ్యల తలలు తీసేవారు. గ్లవ్స్ చిరిగితే ఒకరివి ఒకరు తొడుక్కునేవారు. ఒకే తువ్వాలుకి చేతులు తుడుచుకునేవారు. రొయ్య ముల్లు గుచ్చుకోవడం మనకి కొత్త కాదు. నీకు ముంజేతి మీద సెగ్గడ్డ లేచింది. వారం తిరక్కుండా వినీలకి మోచేతి దగ్గర లేచింది. నీది ముందు లేచింది. అంతే తేడా.

రాజమండ్రి ఆసుపత్రిలో నీ గడ్డలోంచి చీము తీసి కల్చర్‌కి పంపారు. ఆ రిపోర్టు రావడానికి మూడు రోజులు పట్టింది. స్టాఫ్ అని ఒక క్రిమి అంట. మామూలు మందులకి లొంగని రకమంట. రిపోర్టు వచ్చేసరికి అది నీ రక్తంలోంచి ఊపిరితిత్తుల్లోకి పోయింది. మందు మార్చారు. అప్పటికి నీకు నా గొంతు కూడా వినపడ్డం లేదు.

డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి, మీ పనిచేసేచోట ఇంకెవరికైనా గడ్డలు లేచాయా అని అడిగింది. నేనే చెప్పాను. వినీలకి లేచిందండి, మా పక్కింటి పిల్లేనండి అని. ఆ సాయంత్రమే రూబీ దాన్ని తీసుకొచ్చింది. మొదటి రోజే సరైన మందు ఎక్కించారు. నీ రిపోర్టు చూసి ఎక్కించారు.

రిపోర్టు నీది. ప్రాణం దానిది.

13 ఆగస్టు, మంగళవారం, ఉదయం 6

రూబీ గోడవతల కూతుర్ని తిడుతోంది. "లేవవే మొద్దూ, పొద్దెక్కి మీదకొస్తే గానీ లేవవా, ఆ మంచానికి నువ్వేమన్నా పెళ్ళానివా" అంటోంది. తిట్టుకోడానికి దానికి పిల్ల ఉంది.

14 ఆగస్టు, బుధవారం

ఇది రాయకూడదనుకున్నాను. రాస్తాను.

షెడ్డులో బట్టలు మార్చుకునే గదిలో ఒక బిస్కెట్ డబ్బా ఉంది. మూడేళ్ళ క్రితం దాన్ని అక్కడ పెట్టింది నేనే. ఎవరికి జ్వరం తగ్గినా, పన్నునొప్పి తగ్గినా మిగిలిన బిళ్ళలు తెచ్చి అందులో వేసేవాళ్ళం. ఇంట్లో ఉంటే చిన్నపిల్లలు మింగుతారు, పారేస్తే పాపం, ఇక్కడుంటే పదిమందికి పనికొస్తాయని. పని మానుకుని డాక్టరు దగ్గరికి ఎవరు పోతారు. సూపర్‌వైజర్ త్రిమూర్తులు గారు కూడా, "సూరమ్మ ఆసుపత్రి, ఓపీ ఫ్రీ" అని నవ్వేవాడు. ఒళ్ళు బాగోకపోతే అందరూ నా దగ్గరికే వచ్చేవారు. ఏ రంగు బిళ్ళ దేనికో నాకు తెలుసనుకునేవారు. నేనూ అనుకునేదాన్ని.

నీ గడ్డకి అందులోవే ఇచ్చాను. ఎరుపూ పసుపూ రంగుల గొట్టం బిళ్ళలు ఐదు దొరికాయి. ఉల్లిపాయ కాల్చి కట్టాను. తగ్గింది. ఎంత సంబరపడ్డానో. మళ్ళీ లేచింది. ఈసారి తెల్ల బిళ్ళలు ఇచ్చాను, అవి నాలుగే ఉన్నాయి. అలా పది రోజులు పోయాయి. ఆసుపత్రికి వెళ్దామమ్మా అని నువ్వు రెండుసార్లు అన్నావు.

డాక్టరమ్మకి ఒక్కదానికే ఈ సంగతి చెప్పాను. ఆవిడ తిట్టలేదు. సగం సగం మందు వేస్తే మెతక క్రిములు చస్తాయి, మొండివి మిగిలి పెరుగుతాయి, డోసు మధ్యలో ఆపకూడదు, మిగిలినవి ఎవరికీ ఇవ్వకూడదు అంది. తల ఊపాను. ఇంటికొచ్చి మీ నాన్నకి చెప్పలేదు. షెడ్డులో చెప్పలేదు. డబ్బా తీసేస్తే ఎందుకు తీశావని అడుగుతారు కదా. అందుకని అది అక్కడే ఉంది.

16 ఆగస్టు, శుక్రవారం, సాయంత్రం

రూబీ వచ్చింది. ఆదివారం చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టుకుంటున్నారంట. వినీల బతికినందుకు దేవుడికి వందనాలు చెప్పి, సాక్ష్యమిచ్చి, అందరికీ భోజనాలు. "నీకు చెప్పాలంటే నాకే నోరు రావట్లేదక్కా, చెప్పకపోతే ఇంకా తప్పు" అంది. మంచం అంచున కూర్చుంది. నువ్వు పడుకునే వైపు కూర్చుంది. లెమ్మనాలనిపించింది.

మాటల్లో పెట్టి సంచిలోంచి వినీల బిళ్ళలు తీసి చూపించింది. వెండి రంగు స్ట్రిప్పు మీద నీలం గీత. రోజుకి రెండు, పద్నాలుగు రోజులంట. ఇవి ఊళ్ళో దొరకవక్కా, రాజమండ్రిలో కూడా రెండు షాపుల్లోనే ఉన్నాయి అంది. తనేదో బంగారం కొన్నట్టు చూపించింది. పాపం ఆమె చూపించింది మామూలుగానే. నా కళ్ళకి అలా ఉంది.

వస్తాను అన్నాను.

18 ఆగస్టు, ఆదివారం, మధ్యాహ్నం 3

కోడికూరలో ఉప్పు చూడమని ఎప్పట్లాగే నన్నే పిలిచారు. సరిపోయిందన్నాను. నాలిక మీద ఏమీ తెలియలేదు. తర్వాత బంతిలో అందరూ ఉప్పు కషాయమైందే అని గోల. మనసులో సంతోషించాను. రూబీ విందు చెడింది కదా అని. ఇంత నీచం నాలో ఉందని నాకు తెలీదు.

సాక్ష్యం గురించి రాయాలి. రూబీ తెల్లచీర కట్టుకుని మైకు దగ్గర నిలబడింది. "డాక్టర్లు కూడా గ్యారంటీ ఇవ్వలేదండి. మా ప్రార్థన దేవుడు ఆలకించాడండి. చావు నోట్లోంచి నా బిడ్డని లాగి నా ఒళ్ళో పెట్టాడండి" అంది. అందరూ హల్లెలూయా అన్నారు. పక్కనున్న మాణిక్యాంబ నా తొడ మీద చెయ్యేసి నొక్కింది. నేనూ అన్నాను, పెదాలతో.

నా ప్రార్థనలో ఏం తక్కువైంది? అదే ఆసుపత్రి, అదే వరండా. రూబీ కంటే నాలుగు రోజుల ముందు నుంచి ఆ గచ్చు మీద మోకాళ్ళేసి ఉన్నాను. నా మోకాళ్ళు ఇంకా నల్లగానే ఉన్నాయి.

పాస్టరు అయ్యగారికి వందనాలు చెప్పింది. డాక్టరమ్మకి, నర్సులకి, ఆఖరికి ఆటో నడిపిన మనిషికి కూడా చెప్పింది. నీ పేరు చెప్పలేదు బుల్లీ. నువ్వు ముందు పోబట్టే కదా దానికి దారి తెలిసింది. ఒక్కసారి ప్రిస్కిల్లా అంటే ఆమె సొమ్మేం పోయేది.

ఎజ్రా అయ్యగారు చివర్లో నా దగ్గరకొచ్చి, దేవుడి ఆలోచనలు మనకి తెలియవు సూరమ్మగారూ అన్నారు. అవునండి అన్నాను.

ఒకటి గమనించాను. వినీల ఏమీ తినలేదు. రెండు ముద్దలు కెలికి ఆకు మడిచేసింది.

19 ఆగస్టు, సోమవారం, సాయంత్రం

తలనొప్పిగా ఉంటే షెడ్డులో డబ్బా తీశాను. నువ్వు పోయాక దాన్ని ముట్టుకోవడం ఇదే మొదటిసారి. పైనే ఉన్నాయి. వెండి రంగు, నీలం గీత. ఒక స్ట్రిప్పు నిండుగా, పది. ఇంకోదాంట్లో నాలుగు. పద్నాలుగు బిళ్ళలంటే ఏడు రోజులవి. సగానికి సగం మానేసింది పిల్ల.

మూత పెట్టేశాను.

బల్ల దగ్గర రూబీ నాకు ఎదురుగానే ఉంది. చేతులు ఆడుతున్నాయి, నోరు ఆడుతోంది, మా బల్ల దగ్గరే పనిచేసే చిన్నమ్మాయి మొగుడి మీద ఏదో జోకు వేసి అందర్నీ నవ్విస్తోంది. చెప్పాలి. రూబీ, ఆ బిళ్ళలు ఆపకూడదే అని చెప్పాలి. ఆపకూడదని నీకెలా తెలుసక్కా అంటుంది. అప్పుడు నీ సంగతంతా చెప్పాల్సి వస్తుంది.

ఐస్ ముక్కలు చల్లుతున్నారు. వేళ్ళు తిమ్మిరెక్కాయి. పని అయిపోయింది. ఆటో ఎక్కి వచ్చేశాం. ఒకే ఆటోలో వచ్చాం.

20 ఆగస్టు, మంగళవారం, ఉదయం

చెప్పలేదు.

20 ఆగస్టు, సాయంత్రం

ఇవాళ కూడా చెప్పలేదు. సిగ్గు వల్ల అని రాద్దామని కూర్చున్నాను. అది అబద్ధం. సిగ్గు ఉంది. కానీ దాని కింద ఇంకోటుంది.

రూబీకి కూడా తెలియాలి అనిపించింది. నాకు ఎలా ఉందో. మైకులో చెప్పిన సాక్ష్యం ఇంటికొచ్చాక ఎలా ఉంటుందో. రాయడం అయ్యాక చూసుకుంటే నా చేత్తో రాసిన మాటలేనా ఇవి అనిపిస్తోంది. నా చేత్తో రాసినవే.

వినీల మీద కోపం లేదు. చిన్నప్పుడు మీ ఇద్దరికీ ఒకే గిన్నెలో కలిపి ముద్దలు పెట్టేదాన్ని. దానికి ముద్ద ముద్దకీ కథ చెప్పాలి. నీకు అక్కర్లేదు.

21 ఆగస్టు, బుధవారం, మధ్యాహ్నం, ఆసుపత్రి వరండా

చిన్నమ్మాయిని అడిగి పెన్ను తీసుకున్నాను. త్వరగా రాస్తాను.

పొద్దున్న రూబీ బట్టలు మార్చుకుంటూ, వినీలకి ఒళ్ళు వెచ్చగా ఉందక్కా, నిన్న తల పోసుకుని గాలికి కూర్చుంది అంది. జ్వరం బిళ్ళ ఏదైనా ఉందేమోనని డబ్బా అందుకుంది. నేను లాక్కున్నాను. ఎందుకు లాక్కున్నానో నాకు తెలిసేలోపే డబ్బా నా చేతిలో ఉంది. ఆమె బిత్తరపోయి చూసింది.

అప్పుడు చెప్పాను. అందరి ముందూ చెప్పాను. నా బుల్లికి ఇందులోవే ఇచ్చాను, సగం సగం ఇచ్చాను, అందుకే దానికి ఆలస్యమైంది, నీ పిల్ల బిళ్ళలు ఇందులో ఏం చేస్తున్నాయే అని అరిచాను. రూబీ ముందు కోపంగానే, "వాంతులవుతున్నాయక్కా, మెతుకు ముట్టదు, రోజూ రెండూ మింగలేకపోయింది, గడ్డ మానింది, సాక్ష్యం కూడా చెప్పేసుకున్నాం, ఇంకా మింగడమెందుకని... ఖరీదైన బిళ్ళలు, ఎవరికైనా పనికొస్తాయని నీ డబ్బాలో వేశాను" అంది.

నీ డబ్బా అంది. నిజమే.

త్రిమూర్తులు గారు తలుపు కొట్టి, సరుకు కరిగిపోతోంది, ఆసుపత్రి రేపు పెట్టుకోండి అని కేకేశాడు. నేను డబ్బా అంతా మురుగ్గుంటలో కుమ్మరించబోతే చిన్నమ్మాయి ఆపి, వినీల బిళ్ళలు ముందు తియ్యి అత్తా అంది. తీశాను.

వినీలని ఎక్కించుకుని నలుగురం ఆటోలో రాజమండ్రి వచ్చాం. దారిలో రూబీ ఒక్కటే అడిగింది. ఎప్పుడు చూశావక్కా అని.

ఇవాళే చూశాను అన్నాను.

22 ఆగస్టు, గురువారం

వినీలని అడ్మిట్ చేశారు. మళ్ళీ రక్తం తీశారు, మళ్ళీ ఇంజెక్షన్లు. డాక్టరమ్మ నన్ను గుర్తుపట్టింది. "మీరు ప్రిస్కిల్లా అమ్మగారు కదూ" అంది. ఎన్ని వందల మందిని చూస్తుంది ఆవిడ. పేరుతో సహా గుర్తుంది.

రూబీని మాత్రం బాగా తిట్టింది. తర్వాత, "సరే, వచ్చారు. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే కష్టమయ్యేది" అంది.

రెండు రోజులు.

24 ఆగస్టు, శనివారం

మీ నాన్నకి చెప్పేశాను. డబ్బా, గొట్టాలు, తెల్ల బిళ్ళలు, నువ్వు రెండుసార్లు ఆసుపత్రి అన్నది, అన్నీ. ఆయన లేచి చెప్పుల కోసం వెతుక్కోవడం మొదలుపెట్టాడు. మంచం కింద, తలుపు వెనక, చాలాసేపు వెతికాడు. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

30 ఆగస్టు, శుక్రవారం

వినీల నిన్న వచ్చింది. రక్తంలో క్రిమి లేదన్నారు. మళ్ళీ పద్నాలుగు రోజుల బిళ్ళలు, మొదటినుంచి. ఖాళీ కడుపు మీద వేస్తే దానికి తిప్పేస్తోంది, కొంచెం తిని వేసుకోమన్నారు. తినదు. రూబీ తిట్టి, బతిమాలి, ఏడ్చి, ఆఖరికి నా దగ్గరికి వచ్చింది. "నువ్వు రా అక్కా, నీ చేత్తో అయితే తింటుంది."

వెళ్ళాను. రాగిజావ కాచి పట్టుకెళ్ళాను. "వద్దు పెద్దమ్మా, కక్కుతాను" అంది. కక్కితే నా చీర మీదే కక్కు, పాత చీరే కట్టుకొచ్చాను అన్నాను. నవ్వింది. సగం గ్లాసు తాగింది. బిళ్ళ మింగింది.

దాని గొంతు కదలడం చూశాను. ఆ ఒక్క గుక్క కోసం నేను ఐసీయూ అద్దంలోంచి ఎంతసేపు చూశానో నీకు తెలీదు.

2 సెప్టెంబర్, సోమవారం

పొద్దున్న జావ. సాయంత్రం పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ. కక్కలేదు.

5 సెప్టెంబర్, గురువారం

అందరూ సూరమ్మ మనసు ఎంత మంచిదో అంటున్నారు. నాకు ఒళ్ళు మండుతోంది. మంచిమనసుతో పోవడం లేదు నేను. దాని జుట్టు మళ్ళీ నిగనిగలాడుతోంది. బుగ్గ మీద కండ వస్తోంది. చూసి ఓర్వలేకపోతున్నాను, అయినా పొయ్యి మీద గిన్నె పెడుతున్నాను. రెండూ నేనే.

ఇవాళ కొరమీను పులుసు చేశాను. నీకు ఇష్టమైనట్టు కాదు, దానికి ఇష్టమైనట్టు చింతపండు ఎక్కువేసి చేశాను. నీ పళ్ళెంలో మాత్రం పెట్టలేదు. ఆ మాత్రం కుళ్ళు అట్టేపెట్టుకున్నాను.

12 సెప్టెంబర్, గురువారం, సాయంత్రం 7

ఆఖరి బిళ్ళ వేసుకుంది. ఖాళీ స్ట్రిప్పు నా చేతిలో పెట్టింది. ఇక రేపటి నుంచి దాని దగ్గరికి ఎందుకు వెళ్ళాలి?

15 సెప్టెంబర్, ఆదివారం

రూబీ మళ్ళీ మైకు పట్టుకుంది. ఈసారి నీ పేరు చెప్పింది. "మా ప్రిస్కిల్లా వల్ల, సూరమ్మక్క వల్ల నా బిడ్డ రెండుసార్లు బతికిందండి. చూసిన వెంటనే అక్క అడ్డుపడబట్టి ఇవాళ మీ ముందుందండి" అని ఏడ్చింది. ఆడవాళ్ళందరూ నా చుట్టూ చేరారు. నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నారు.

నీ పేరు వినాలని ఎంత ఆశపడ్డానో. వింటుంటే చెవుల్లో ముళ్ళు గుచ్చుకున్నట్టుంది. చూసిన వెంటనే అంది. వెంటనే.

రూబీ మీద ఇవాళ పడ్డంత అసూయ ఎప్పుడూ పడలేదు. దాని నోట్లో ఒక్క అబద్ధం కూడా లేదు.

16 సెప్టెంబర్, సోమవారం, ఉదయం

అరుగు మీద కూర్చుని నిన్నటిది చదువుకుంటుంటే వినీల వచ్చింది. వచ్చే నెల నుంచి షెడ్డుకి కాదంట, ధవళేశ్వరంలో కుట్టుపని నేర్చుకోడానికి వెళ్తుందంట. అది చెప్పడానికి వచ్చి పుస్తకం చూసింది. ఏం రాస్తావు పెద్దమ్మా అంది. ఏవో అన్నాను. "నా గురించి ఉందా?" ఉంది అన్నాను. "మంచిగా రాశావా?"

లేదు అన్నాను.

కాళ్ళు ఊపుతూ, "అయితే నాకివ్వు, చదువుతాను. నా గురించి చెడ్డగా ఎవరూ రాయలేదు ఇప్పటిదాకా" అంది.

17 సెప్టెంబర్, మంగళవారం

వినీలా,

ఆగస్టు పంతొమ్మిది, సోమవారం దగ్గర మొదలుపెట్టు. ఆ రోజే చూశాను నేను. బుధవారం దాకా నోరు విప్పలేదు. ఎందుకో కూడా రాశాను. మీ అమ్మకి చూపించడం నీ ఇష్టం. చర్చిలో చదివినా అడ్డు చెప్పను.

ఇప్పటికీ నిన్ను చూస్తే కుళ్ళే. నువ్వు బతకాలనీ ఉంది. పుస్తకం తిరిగి ఇవ్వక్కర్లేదు.

ఇది చదివాక తిండి మానేస్తావేమో, అలా చెయ్యకు. బాగా తిను.